షిఫ్టు పుస్తకంలో భూమిక సంతకం

ఇస్తారి ముందు కూర్చున్న మనిషెవరైనా సరే, చేతిలో చాయ్ చల్లారేలోపు ఒక మాట వినక తప్పదు.

"ఇరవై ఎనిమిదేండ్లు సర్దార్‌గిరి చేసిన. ఒక్కనాడంటే ఒక్కనాడు బండ తట్టకుంట సంతకం పెట్టలే!"

శ్రీరాంపూర్ కాలనీలో ఈ మాట విననివాడు లేడు. కిరాణా కొట్టు రజాక్ అయితే, ఆయన నోరు తెరవగానే తనే అందుకుని చివరిదాకా అప్పజెప్పేవాడు. అయినా ఇస్తారికి కోపం రాదు. ఇంకోసారి మొదటినుంచి చెప్పేవాడు.

గొప్పలు చెప్పుకునే హక్కు ఆయనకు ఉందనే అనాలి. బొగ్గు బాయిలో మైనింగ్ సర్దార్ అంటే మాటలా? షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి పోవాలి. నెత్తిమీది బండను కర్రతో తట్టాలి. ఠంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డొల్లగా పలికితే లోపల వదులైనట్టు. గాలి చూడాలి, గ్యాస్ చూడాలి. చూసింది చూసినట్టు రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెడితేనే మిగతావాళ్లు పనిలోకి దిగుతారు. ఒళ్లు బద్ధకించిన సర్దార్లు కొందరుంటారు. పోయిన షిఫ్టువాడు రాసింది చూసి అదే దించేసి సంతకం గీకేస్తారు. దాన్ని ఇస్తారి దొంగ రిపోర్టు అంటాడు. అలాంటివాడి పక్కన కూర్చుని ఆయన అన్నం కూడా తినేవాడు కాదు.

నడుము చెడి ఆయన ఇంటికొచ్చాక ఆయన బదులు కంపెనీలో ఉద్యోగం బిడ్డ జ్యోతిరాణికి ఇచ్చారు. ఆమెది ల్యాంప్‌రూం, బాయిలోకి దిగేవాళ్లకు తలలైట్లు ఇచ్చే పని. అల్లుడు నిరంజన్ భూపాలపల్లిలో డంపర్ నడుపుతాడు, వారానికోసారి ప్లేడే సెలవు నాడు ఇంటికొస్తాడు. కాబట్టి పగలంతా మనుమరాలు భూమికను చూసుకునేది ఇస్తారి, ఆయన భార్య సత్తవ్వ.

భూమికకు పదమూడేళ్లు. ఆటిజం ఉందని నాలుగేళ్లప్పుడే తెలిసింది. రోజూ పిల్ల ఏం తిన్నదీ, ఎంత పడుకున్నదీ, దేనికి బెదిరిందీ రాసిపెట్టమని అప్పటి డాక్టరు చెప్పింది. రాయడమంటే ఇస్తారికి ఒకరు నేర్పాలా? ఆ రోజే లావుపాటి రిజిస్టరు కొన్నాడు. స్కేలు పెట్టి గీతలు కొట్టాడు. తేదీ, షిఫ్టు, తిండి, నిద్ర, విశేషాలు, సంతకం. పొద్దటి కాలమ్ ఆయనది, రాత్రి కాలమ్ జ్యోతిరాణిది. ఆమె డ్యూటీకి పోయేటప్పుడు పిల్లను ఆయనకు అప్పజెప్పి సంతకం పెట్టాలి, వచ్చి తీసుకునేటప్పుడు మళ్లీ పెట్టాలి.

"పిల్లను పెంచుతున్నవా, బాయి నడుపుతున్నవా సర్దార్ సాబ్?" అని సత్తవ్వ మొదట్లో ఎగతాళి చేసింది. తర్వాత ఆమె కూడా, "ఇయ్యాల పెరుగు ముట్టలే, రాసుకో," అని వంటింట్లోంచి కేకేయడం మొదలుపెట్టింది.

అందరూ సంతకాలు పెడుతుంటే భూమిక ఊరుకుంటుందా! ఆరేళ్లప్పుడు ఒకరోజు, తాత బాయికి తీసుకుపోయిన పాత స్టీలు బాటిల్ మూత తెచ్చి పేజీ కింద బోర్లించింది. పెన్సిలు తీసుకుని చుట్టూ గీసింది. మూత తీస్తే నిండు గుండ్రం, మొదలూ చివరా ఎక్కడ కలిశాయో కనిపించనంత చక్కగా ఉంది. ఆ రోజు నుంచి అదే ఆమె సంతకం. మూడు గంటల సైరన్ మోగిందంటే చాలు, చెవులు మూసుకుని సైరన్ ఆగిందాకా నిలబడి, తర్వాత పుస్తకమూ మూతా పట్టుకొచ్చేది. ఎవరన్నా పుస్తకం ఎక్కడో పెట్టి మరిస్తే, పిల్ల గోలకు ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. మాటలు పది పదిహేను కంటే ఎక్కువ రావు గానీ, ఏడేళ్లలో ఒక్కరోజు నాగా పెట్టలేదు.

"చూడు, పుట్టుక సర్దార్ పుట్టుక!" అని ఇస్తారి వచ్చినవాళ్లందరికీ ఆ పేజీలు తిప్పి తిప్పి చూపించేవాడు. అందులో ఆయనకున్న గర్వం అంతా ఇంతా కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన డిసెంబరులో బాయి దగ్గర రక్షణ వారోత్సవాలు పెట్టారు. కొత్తగా చేరిన సర్దార్లకు నాలుగు మంచి మాటలు చెప్పమని ఇస్తారిని పిలిచారు. శాలువా కప్పుతారట. ఆయన సంబరం చూడాలి! పది రోజుల ముందునుంచే అద్దం ముందు నిలబడి ఉపన్యాసం. "తమ్ములారా, చూడకుంట రాసిన రిపోర్టు మనిషిని చంపుతది..." అని మొదలుపెట్టడం, నచ్చక కొట్టేయడం, మళ్లీ రాయడం. ఇల్లు కాలిపోతున్నా తలెత్తేటట్టు లేడు.

సరిగ్గా దానికి ముందే భూమికకు మూడు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక పిల్ల ఎందుకో కుదురుగా లేదు.

"ఏమయ్యో, పిల్ల కుడిచెయ్యి గుంజుకపోతున్నట్టు కొడుతున్నది. జర చూడు," అంది సత్తవ్వ.

"జ్వరం పడి లేచింది కదనే. ఆటిజం పిల్లలకు గట్ల అయితనే ఉంటది. నువ్వు ఊకో, నా మాట మరిచిపోతున్న," అన్నాడాయన కాగితం మీదినుంచి కళ్లెత్తకుండా. విశేషాల కాలమ్‌లో 'మామూలే' అని రాసి సంతకం చేశాడు. పక్కన భూమిక ఏం గీస్తోందో చూడలేదు.

మర్నాడూ 'మామూలే'. ఆ మర్నాడూ అంతే. ఆ వారం జ్యోతిరాణికి రెండో షిఫ్టు, పైగా తోటి మనిషి సెలవు పెడితే ఆ డ్యూటీ కూడా మీద పడింది. అలసిపోయి ఇంటికొచ్చి, నిద్రపోకుండా కూర్చున్న బిడ్డను చూసి బెంగపడి పుస్తకం తెరిచేది. బాపు 'మామూలే' అని రాసి ఉన్నాడు. బాపు రాశాడంటే ఇంకేం చూడాలి? తన రాత్రి కాలమ్‌లో ఉత్త సంతకం పెట్టి మూసేసేది.

తొమ్మిదో రోజు కూడా పొద్దున్నే 'మామూలే' అని రాసేసి ఇస్తారి సభకు పోయాడు. ఉపన్యాసం దంచేశాడు. శాలువా భుజాన వేసుకుని ఇంటికొచ్చేసరికి భూమిక గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. పిలిస్తే తిరగలేదు. మూడు గంటల సైరన్ మోగింది. చెవులు మూసుకోలేదు, పుస్తకం కోసం లేవలేదు. ఇస్తారే పుస్తకమూ మూతా తెచ్చి ఒళ్లో పెట్టాడు. మూత జారి కింద పడి దొర్లిపోయినా ఆమె దానికేసి చూడలేదు.

మర్నాడు దగ్గర్లోని ఒక డాక్టరుకు చూపించారు. వయసొచ్చే పిల్ల, మొండితనం పెరుగుతుంది అని గోలీలు రాశాడు. గోలీలు వేశాక ఒళ్లు కొయ్యబారింది. మూతి వంకరలు పోతోంది. అన్నం నోట్లో పెడితే అలాగే ఉంచుకుంటోంది. ఉన్న పది మాటలూ పోయాయి. 'తాత' అన్న మాట కూడా పోయింది. వారం తిరిగేసరికి కారు మాట్లాడుకుని కరీంనగర్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. దాని పేరెందుకు లెండి.

అక్కడి పెద్ద డాక్టరు పాత ఫైలు తిరగేశాడు. చీటీ మీద నాలుగు మాటలు రాశాడు. "ఆటిజం పిల్లే కదమ్మా. గోలీ డోసు పెంచుదాం. ఇంట్లో కష్టమైతే ఇలాంటివాళ్లను పెట్టే హోములుంటాయి, ఆలోచించుకోండి," అన్నాడు. పిల్ల వైపు ఒక్కసారన్నా సరిగ్గా చూడలేదు.

ఇస్తారికి ఒళ్లు మండిపోయింది.

"ఏం సారూ, గిదేం పద్ధతి? పోయిన షిఫ్టోడు రాసింది చూసి దించినవు! బండ తట్టినవా? పిల్ల చెయ్యి పట్టుకొని చూసినవా? ఇరవై ఎనిమిదేండ్లు చేసిన నేను, దొంగ రిపోర్టు ఎట్లుంటదో నాకు ఎరుకలేదనుకున్నవా?"

"బాపూ, నీ కాళ్లు మొక్కుత, ఊకో," అంటూ జ్యోతిరాణి చెయ్యి పట్టి గుంజింది. అప్పటికే వరండాలో ఉన్నవాళ్లంతా తొంగి చూస్తున్నారు. కాంపౌండరు వచ్చి బయటికి నడవమన్నాడు.

ఆ గోల విని పక్క గదిలోంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు ఆఫ్రీన్, మెదడు, నరాల జబ్బుల విభాగంలో కొత్తగా చేరింది. ఆమె ఇస్తారిని ఏమీ అనలేదు. బెంచీ మీద కొయ్యలా ఉన్న భూమిక ముందు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి ఎత్తి చూసింది. వదిలితే ఆ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"పెద్దాయనా, జర కూర్చోండ్రి. ఇది ఎప్పటిసంది ఉన్నది?"

ఇస్తారి సంచిలోంచి రిజిస్టరు తీశాడు. ఇంత బాధలోనూ ఆ పుస్తకం బయటికి తీసేటప్పుడు ఆయన ఛాతీ కొంచెం పొంగింది. "ఏడుస్తూ వచ్చి ఏదో చెప్పేటోళ్లం కాదు మేడం. తొమ్మిదేండ్ల రికార్డు. ఏ పూట ఏమైందో మొత్తం ఉన్నది."

ఆఫ్రీన్ నిజంగానే ఆశ్చర్యపోయింది. వెనక్కి తిప్పుకుంటూ పోయింది. డిసెంబరు రెండు, మామూలే. మూడు, మామూలే. పది దాకా అదే మాట. పదకొండున గోలీలు మొదలు. ఆమె మొహంలో ఆశ తగ్గిపోవడం ఇస్తారికి కనిపించింది.

"నేను ఇంకోటి అనుమానపడుతున్న," అందామె నెమ్మదిగా. "కానీ అది నిజమైతే, గోలీల కంటె ముందే, జ్వరం తగ్గిన కొన్ని రోజులల్లనే మొదలుగావాలె. మీ పుస్తకం ప్రకారం గోలీలు వేసేదాక పిల్ల బాగనే ఉన్నది. పెద్ద సార్ ఇది చూస్తే, గోలీలు పడలేదు, మార్చి ఇంటికి పంపిద్దాం అంటరు. వెన్నులకెళ్లి నీళ్లు తీసే పరీక్షకు ఒప్పుకోరు."

జ్యోతిరాణి తండ్రి వైపు చూసింది. వరండాలో ఇందాకటి జనం అక్కడే ఉన్నారు, కాంపౌండరూ ఉన్నాడు. ఇప్పుడే కదా వాళ్లందరి ముందు ఒక పెద్ద డాక్టరును పట్టుకుని దొంగ రిపోర్టు అని కేకలేశాడు! నోరు మూసుకుంటే ఆయన పరువు ఆయనకుంటుంది. పిల్ల మాత్రం ఇంకేవో గోలీలతో ఇంటికి పోతుంది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"అబద్ధం మేడం," అన్నాడు. గొంతు తగ్గించలేదు. "ఆ తొమ్మిది రోజులు నేను చూడలే. చూడకుంటనే రాసిన. నా ముసల్ది చెప్తనే ఉన్నది, పిల్ల చెయ్యి గుంజుతున్నదని. శాలువా పిచ్చిల పడి ఇనలే. నా బిడ్డ నా రాత నమ్మి మోసపోయింది. ఇందాక ఆ సార్‌ను అన్న మాట నాకే తగలాలె. దొంగ రిపోర్టు రాసింది నేను."

జ్యోతిరాణి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆఫ్రీన్ ఆయన్ని తప్పు పట్టలేదు. "మరి చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా? రాసిపెట్టినోళ్లు?" అని మాత్రం అడిగింది.

ఎవరున్నారు? ఇస్తారి సిగ్గుతో తల వంచుకుని పేజీకేసి చూశాడు. తన సంతకం కింద పేజీ అడుగున ఏదో కనిపించింది. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పుస్తకం లాక్కున్నాడు. ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"మేడం! ఉన్నది! రాసినోళ్లు ఉన్నరు! గిది చూడుండ్రి!"

నవంబరు ఆఖరు దాకా నిండు గుండ్రాలు. డిసెంబరు రెండున గుండ్రం కలవలేదు, వేలెడు సందు ఉంది. నాలుగున గీత వణికింది. ఆరున పెన్సిలు మూత మీదికెక్కి పక్కకు జారిపోయింది. ఎనిమిదిన సగం గుండ్రమే ఉంది, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కింది. తొమ్మిదిన ఒక చుక్క. పదిన ఏమీ లేదు. గోలీలు పదకొండున కదా మొదలైంది!

"ఏడేండ్లసంది రోజూ పెడుతది మేడం, మూత పెట్టి గీస్తది. నేను మామూలే అని రాసిన కాడ, నా మనుమరాలు మామూలుగ లేదని రాసింది. ఉన్నది ఉన్నట్టు రాసింది నా తల్లి!" ఇస్తారి ఏడుస్తున్నాడు. అంత ఏడుపులోనూ ఆ గొంతులో గర్వం దాగలేదు.

ఆఫ్రీన్ ఒక్కో గుండ్రం మీద వేలు పెట్టి చూసింది. ఇంకేం అనలేదు, పుస్తకం చంకన పెట్టుకుని పెద్ద డాక్టరు గదిలోకి పోయింది. పావుగంట తర్వాత బయటికొచ్చి పిల్లను చేర్చుకోమంది. ఆ మాటకొస్తే ఆ పెద్ద డాక్టరు కూడా వెనకే వచ్చాడు, ఈసారి వంగి భూమిక చెయ్యి పట్టుకుని చూశాడు.

తలకు వైర్లు పెట్టి మెదడు పరీక్ష చేశారు. వెన్నులోంచి నీళ్లు తీసి హైదరాబాద్ పంపారు. ఒక్కోసారి ఇలాంటి జబ్బుకు కడుపులోని గడ్డ మూలమవుతుందట, అవేమన్నా ఉన్నాయేమోనని స్కానింగ్ తీశారు, ఏమీ లేవు. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండానే మందు మొదలుపెట్టారు. ఎనిమిదో రోజు రిపోర్టు వచ్చింది. ఆఫ్రీన్ అనుకున్నదే నిజం.

"ఒంట్ల రోగంతోని కొట్లాడే బలగం ఒకటి ఉంటది," అని ఆమె కూర్చోబెట్టి చెప్పింది. "జ్వరం తర్వాత అది దారి తప్పింది. పిల్ల మెదడునే పరాయిదనుకొని కొడుతున్నది. అందుకే మెదడు వాచింది. ఇప్పుడు ఆ బలగాన్ని అణిచే మందు ఎక్కిస్తున్నం. టైం పడుతది, ఫికర్ చేయకుండ్రి."

"ఆటిజం వల్లనే వచ్చిందా మేడం?" అని అడిగింది జ్యోతిరాణి.

"ఆటిజానికీ, ఒంట్ల జరిగే గీ కొట్లాటకూ సంబంధం ఏమన్న ఉన్నదా అని పెద్ద పెద్దోళ్లు ఇంక వెతుకుతనే ఉన్నరు, పూర్తిగ తేలలే. కానీ గిది మాత్రం వేరే జబ్బు. ఆటిజం ఉన్న పిల్లకు కాలు విరిగితే ఆటిజం అని ఊకుంటమా? గిదీ గంతే."

నెలకు పైగా అక్కడే ఉన్నారు. సన్మానం శాలువాను మడిచి ఇస్తారి తన తలకింద పెట్టుకుని వరండాలో పడుకునేవాడు. పుస్తకంలో రోజూ రాసేవాడు. 'కుడిచెయ్యి రెండుసార్లు కొట్టుకుంది. నేను చూసిన.' 'గంజి ఆరు చెంచాలు. నేను చూసిన.' ఇరవై మూడో రోజున 'తాత అన్నది' అని రాసి, దానికి రెండు గీతలు కొట్టాడు. కింద 'నేను విన్న' అని రాశాడు.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చిన పక్కింటి పోశవ్వ అడిగింది. "గింత పెద్ద వైద్యం చేయించిండ్రు గదా, ఆటిజం సుత పోయిందా?"

"అదెందుకు పోవాలె?" అన్నాడు ఇస్తారి సర్రున లేచి. "అది నా పిల్ల తీరు. జబ్బు పోవాలె, పిల్ల నాకు వాపస్ రావాలె. వచ్చింది. సాలు!"

ఎండాకాలం ముందు బాయి దగ్గర శిక్షణలో ఉన్న సర్దార్లకు మళ్లీ మాట్లాడమని కబురు వచ్చింది. రానన్నాడు. రెండోసారి అడిగితే ఒక షరతు పెట్టాడు. మనుమరాలితో వస్తాను, ఎవరూ చప్పట్లు కొట్టొద్దు, ఆమె చెవులకు పడవు అన్నాడు. వాళ్లు సరేనన్నారు.

నలభై మంది కుర్ర సర్దార్ల ముందు ఇస్తారి నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదేండ్ల మాట ఎత్తనే లేదు. పుస్తకం తెరిచి తొమ్మిది 'మామూలే'లు చదివాడు, ఒక్కోదాని కింద గుండ్రం ఎలా చెదిరి మాయమైందో పైకెత్తి చూపించాడు. "తమ్ములారా, నేను ఎందరో సర్దార్లను చూసిన. పాణం మీదికి వచ్చినా తప్పు రాయని సర్దార్‌ను మాత్రం ఒక్కరినే చూసిన. అగో, ఆ కిటికీ కాడ కూసున్నది. నా మనుమరాలు," అన్నాడు.

అప్పుడే మూడు గంటల సైరన్ మోగింది. భూమిక చెవులు మూసుకుంది. సైరన్ ఆగాక లేచి, నలభై మంది మధ్యలోంచి నడుచుకుంటూ తాత దగ్గరికి వచ్చింది. ఆయన ఉపన్యాసంతో ఆమెకేం పని? సంతకం వేళ అయింది. బల్ల మీద పుస్తకం తిప్పి, మూత బోర్లించి, నాలుక బయటపెట్టి మెల్లగా గీసింది. ఇంటికొచ్చిన నాటినుంచి గుండ్రంలో సందు రోజు రోజుకూ తగ్గుతూ వస్తోంది. ఇస్తారి అది రోజూ రాస్తూనే ఉన్నాడు.

ఆమె మూత తీసింది. గది గదంతా మెడలు చాచి చూస్తోంది. గుండ్రం నిండుగా కనిపించింది. కలిసిందిరా అని అరవాలనిపించింది ఇస్తారికి, నోటిదాకా వచ్చింది కూడా. ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకుని పేజీ మీదికి వంగి చూశాడు.

పెన్ను తీసి రాశాడు. 'వెంట్రుకంత సందు ఉంది. నేను చూసిన.' మనుమరాలి గుండ్రం పక్కన సంతకం పెట్టాడు.

ఒక్క చప్పట్ల చప్పుడు లేకుండా నలభై మందీ లేచి నిలబడ్డారు.